మగవాడు ఏడవకూడదా?

పిల్లవాడు ఆడుకుంటూ పడిపోయి, మోకాలు గీరుకుపోయి ఏడుస్తుంటే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట ఏమిటి? "మగపిల్లాడివి, ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా!" అక్క ఏడిస్తే ఒళ్ళోకి తీసుకుంటాం. తమ్ముడు ఏడిస్తే సిగ్గుపెడతాం. నాలుగైదేళ్ళ వయసులో మొదలైన ఈ పాఠం వాడికి బాగా ఒంటబడుతుంది. పెద్దయ్యాక తండ్రి పోయినా, వ్యాపారం మునిగినా, పని ఊడినా వాడి కంట నీరు రాదు. అందరూ "గుండె గట్టివాడు" అంటారు. కానీ ఆ దుఃఖం ఎటూ పోదు. ఒంట్లోనే ఉండి, కడుపు మంటగా, నిద్రలేమిగా, నడుము నొప్పిగా, చీటికిమాటికి కోపంగా బయటపడుతుంది.

ఆరోగ్య శీర్షికలో ఈ మాటలెందుకని మీకు అనిపించవచ్చు. నిజానికి యూనానీ వైద్యంలో మనసు సంగతి ఎక్కడో చివర చేర్చిన అధ్యాయం కాదు. అది పునాదిలోనే ఉంది.

గాలి, నీరు ఎంతో మనసు అంత

మనిషి బతకడానికి ఆరు విషయాలు తప్పనిసరి అని యూనానీ హకీములు చెప్పారు. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. పీల్చే గాలి, తినే తిండి–తాగే నీరు, శరీరానికి కదలిక–విశ్రాంతి, మనసుకు కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, ఒంట్లో ఉండవలసింది ఉండటం–పోవలసింది పోవడం. ఇవీ ఆ ఆరు. నాలుగవది చూడండి. 'హర్కత్ వ సుకూనె నఫ్సానీ' అని దాని పేరు. కోపం, భయం, దుఃఖం, సంతోషం, సిగ్గు వంటివన్నీ ఇందులోకే వస్తాయి. ఈ ఆరింటిలో ఏది హద్దు దాటినా జబ్బు చేస్తుంది. మగవాడికి ఐదు చాలు, ఆడవారికే ఆరూ కావాలని ఏ హకీమూ రాయలేదు.

ఒక్కొక్క ఉద్వేగం ఒంట్లోని 'రూహ్'ను, అంటే ప్రాణశక్తిని, ఒక్కో రకంగా కదిలిస్తుందని యూనానీ వివరణ. కోపం వస్తే అది ఒక్కసారిగా బయటికి దూకుతుంది, అందుకే ముఖం ఎర్రబడుతుంది. భయం వేస్తే ఒక్కసారిగా లోపలికి పోతుంది, ముఖం పాలిపోతుంది. సంతోషంలో మెల్లగా బయటికి వస్తుంది. దుఃఖంలో మెల్లమెల్లగా లోపలికి ముడుచుకుపోతుంది. కోపంలో నాడి పెద్దదిగా, ఎత్తుగా, వేగంగా ఆడుతుందనీ, దుఃఖంలో చిన్నదిగా, బలహీనంగా, నెమ్మదిగా ఆడుతుందనీ హకీములు గుర్తించారు.

మన సమాజం మగవాడికి వీటిలో ఒక్కదానికే అనుమతి ఇచ్చింది. అది కోపం. భయపడితే పిరికివాడంటారు, ఏడిస్తే ఆడంగి అంటారు. కోపగిస్తే మాత్రం "మగాడన్నాక ఆ మాత్రం ఉండాలి" అంటారు. అందుకే ఎంతోమంది మగవాళ్ళలో దుఃఖం కూడా కోపం వేషం వేసుకునే బయటికి వస్తుంది. పిల్లల మీద అరిచే తండ్రి నిజంగా కోపంలో ఉన్నాడో, కుమిలిపోతున్నాడో చాలాసార్లు అతనికే తెలియదు.

సాంచాల వాడల్లో

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదు. మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన షోలాపూర్ నేత వాడలను చూడండి. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్ళిన కుటుంబాలవి. సాఖర్ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్ వైపు వెళితే మరాఠీ ఎంత వినిపిస్తుందో తెలుగూ అంత వినిపిస్తుంది. పద్మశాలీలతో పాటు ముస్లిం కార్మికులూ మరమగ్గాల మీద బతికే ఊరది. అక్కడా, సిరిసిల్లలోనూ మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. ఆ సాంచాల మీద నేసిన షోలాపూర్ దుప్పటి, తువ్వాలు మన పెళ్ళి సామానులోకీ వచ్చాయి. 1877లో మొదలైన పాత మిల్లు తర్వాత ఊళ్ళో మరికొన్ని మిల్లులు వెలిశాయి, మళ్ళీ ఒకటొకటిగా మూతబడ్డాయి. వేలమంది పనిచేసిన లక్ష్మీ–విష్ణు మిల్లు కూడా 1990లలో మూతపడింది. మిల్లు పోయినవాడు సాంచా షెడ్డుకు చేరాడు.

షెడ్డులో పని ఎలా ఉంటుంది? పన్నెండు గంటల షిఫ్టు, పగలు కొన్నాళ్ళు, రాత్రి కొన్నాళ్ళు. నేసినదానికే కూలి. గిరాకీ తగ్గితే సాంచా ఆగుతుంది, దానితో పాటు కూలీ ఆగుతుంది. అప్పుడు సేటు దగ్గర తెచ్చుకున్న బాకీ పెరుగుతుంది. వరుసగా ఆడే సాంచాల మధ్య చప్పుడు 90 డెసిబెళ్ళు దాటిపోతుంది. ఎనిమిది గంటల పనికి మన దేశంలో ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన హద్దే 90. అంత చప్పుడులో మాట్లాడటం కుదరదు, సైగలే. ఏళ్ళ తరబడి అలా పనిచేసినవాడికి వినికిడి తగ్గుతుంది. ఇంటికొచ్చాక భార్య మెల్లగా అడిగినది అతనికి సరిగా వినబడదు. అతను పలికితే అరిచినట్టుంటుంది. "ఎప్పుడూ కసురుతాడు, లేకపోతే మూగవాడిలా కూర్చుంటాడు" అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. దీనిలో సగం స్వభావం కాదు, చెవి జబ్బు. కాబట్టి ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ముందు చెవి పరీక్ష చేయించండి.

ఇదే వాడల్లో ఆడవారు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుడతారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. సాంచా ఆగిన నెలల్లో కూడా తునికాకు చేట ఆగదు. చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. షోలాపూర్ పక్కన కుంభారి దగ్గర బీడీ కార్మిక మహిళల కోసం గోదూతాయి పరులేకర్ పేరిట కట్టిన 10,000 ఇళ్ళ కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. బీడీ చుట్టే చేయి ఎంతమందికి నీడ ఇచ్చిందో చెప్పడానికి ఆ కాలనీ చాలు.

ఇప్పుడు ఆ మగవాడి స్థానంలో ఒక్క నిమిషం నిలబడి ఆలోచించండి. "సంపాదించేవాడే మగాడు" అని చిన్నప్పటి నుంచీ నేర్పాం. సాంచా ఆగింది. భార్య బీడీ కూలి తెచ్చి బియ్యం కొన్నది. అతనికి తిండి దొరికింది గాని, ముద్ద దిగడం లేదు. అతనికి తగిలిన దెబ్బ డబ్బు దెబ్బ ఒక్కటే కాదు. తానెవరన్న నమ్మకానికే తగిలింది. "నాకు భయంగా ఉంది, సిగ్గుగా ఉంది" అనే మాట మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పింది అంతా నోరు మూసుకోవడమే.

దీని పర్యవసానం మనకు తెలియనిది కాదు. సిరిసిల్లలో 1990ల చివరి నుంచి మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. పని లేకపోవడం, అప్పులు అందుకు కారణాలు. వాటిని సరిచేయడం ప్రభుత్వాల, యజమానుల బాధ్యత. ఏ ఖమీరాతోనూ అప్పు తీరదు. కానీ అదే కష్టంలో నోరు విప్పగలిగినవాడికీ, విప్పలేనివాడికీ తేడా ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో ప్రతి పదిమందికి ఏడుగురు మగవారే. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. ఏడవకూడదని మనం నేర్పిన పాఠానికి ఈ లెక్కలో భాగం లేదని అనగలమా?

నోరు చెప్పనిది ఒళ్ళు చెబుతుంది

మనసు బాగాలేదని దవాఖానాకు వచ్చే మగవారు తక్కువ. "కమ్‌జోరీగా ఉంది హకీం సాబ్" అనే వస్తారు. ఆకలి లేదు, గ్యాస్ పడుతుంది, తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, నడుము లాగుతుంది, పని మీద మనసు నిలవదు. అన్నీ ఒంటి మాటలే. వీటిలో చాలాభాగం నేటి వైద్యులు కుంగుబాటు అని పిలిచే జబ్బు లక్షణాలు. యూనానీలో దీనికి దగ్గరగా 'మాలీఖూలియా' అనే పేరుంది. 'సౌదా' అనే దోషం పెరగడం దీనికి మూలమని హకీములు చెప్పారు. పదో శతాబ్దానికే ఇస్‌హాఖ్ బిన్ ఇమ్రాన్ ఈ ఒక్క జబ్బు మీద ప్రత్యేకంగా గ్రంథం రాశాడు.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఒక ఉపాయం చెప్పాడు. ప్రేమ వల్ల చిక్కి శల్యమైన రోగి ఆ పేరు చచ్చినా చెప్పడు. అప్పుడు హకీము అతని నాడి పట్టుకుని మనుషుల పేర్లు, వీధులు, వృత్తులు ఒక్కొక్కటే పలుకుతూ పోవాలి. ఏ పేరు దగ్గర నాడి తడబడుతుందో అక్కడ గుట్టు ఉంటుంది. వెయ్యేళ్ళ నాటి ఆ హకీముకు ఒక సంగతి తెలుసు. మనిషి దాచుకున్నంత మాత్రాన బాధ లేనట్టు కాదు, అడిగేవాడు ఓపికగా అడగాలి.

నేడు ఆ ఓపిక స్థానంలో గోడల మీద రాతలు వచ్చాయి. బస్టాండు దగ్గర, రైల్వే గేటు దగ్గర "మగతనం కోల్పోయారా? ఒక్క కోర్సుతో గ్యారంటీ" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. దుఃఖంతో, అప్పు బెంగతో, నిద్ర లేక నీరసించినవాడు అది చదివి తన జబ్బు ఇదేననుకుంటాడు. మిగిలిన నాలుగు రూపాయలూ అక్కడ పోస్తాడు. పాఠకులు ఇక్కడ కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గ్యారంటీ ఇచ్చేవాడు చట్టం తప్పినవాడే.

రెండు, నిద్రలో వీర్యం పోవడం యువకుల్లో సహజం. దానివల్ల ఒళ్ళు క్షీణించదు. "ధాతు పోతోంది, అందుకే నీరసం" అని బెంగపడేవారిలో అసలు జబ్బు చాలాసార్లు ఆ బెంగ, కుంగుబాటే. మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ఈ బెంగకు 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు.

మూడు, నిజంగా దాంపత్య సమస్య ఉంటే అది మధుమేహానికో, రక్తపోటుకో, గుండె జబ్బుకో ముందస్తు హెచ్చరిక కావచ్చు. ముందు రక్త పరీక్ష చేయించుకోవాలి.

నాలుగు, ఎవరు చేశారో తెలియని కుష్తాలు, భస్మాలు వాడవద్దు. సరిగా తయారు కాని వాటిలోని సీసం, పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మగతనానికి కొలత ఏది?

పురుషుడి మిజాజ్ స్త్రీ మిజాజ్ కన్నా వేడిగా, పొడిగా ఉంటుందని యూనానీ గ్రంథాలు చెప్పిన మాట నిజమే. దీన్ని పట్టుకుని "మగాడంటే కరకుగానే ఉండాలి" అనేవారున్నారు. కానీ అవే గ్రంథాలు ఇంకో మాట కూడా చెప్పాయి. వయసు, ఊరు, వృత్తి, పుట్టుకను బట్టి ప్రతి మనిషి మిజాజ్ వేరు. వైద్యుడు చూడవలసింది ఎదురుగా ఉన్న ఆ ఒక్క మనిషి మిజాజ్‌నే. మెత్తని స్వభావంతో, తక్కువ మాటలతో, తల్లికి వంటలో సాయపడే కొడుకు ఉంటే అది అతని మిజాజ్. అది జబ్బు కాదు, దానికి మందు లేదు, అక్కరలేదు. వాడిని "ఆడంగి" అని నలుగురిలో వెక్కిరిస్తే మాత్రం లేని జబ్బు తెచ్చిపెట్టినవాళ్ళమవుతాం.

ధార్మికంగా చూసినా అంతే. హజ్రత్ యాఖూబ్ (అలై) కుమారుడు యూసుఫ్ కోసం ఎంత దుఃఖించారంటే ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని దివ్యఖుర్‌ఆన్ చెబుతోంది. దైవప్రవక్త (స) పసికందు ఇబ్రాహీం చివరి ఘడియల్లో ఉన్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. పక్కనున్న అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, తమరు కూడానా అని అడిగారు. అది కారుణ్యమని ఆయన బదులిచ్చారు. తమను తాము నష్టపరచుకునే శోకాన్నీ, దైవానికి అయిష్టమైన మాటలనూ మాత్రమే ఆయన వారించారు. కంటి నీటిని వారించలేదు. మన ఇళ్ళలో పిల్లవాడికి చెప్పే "ఏడవకు" అన్న మాట ధర్మం నుంచి వచ్చింది కాదు, అలవాటు నుంచి వచ్చింది.

ఇంట్లో చేయదగినవి

తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒకే వైద్య గ్రంథం రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, ఏ కారణమూ కనబడకుండా ఒంటి లోపలి నుంచి వచ్చే దుఃఖం వేరు అని విడదీశాడు. మొదటిదానికి మంచి మాట, తోడు ముఖ్యం. రెండవదానికి శరీర చికిత్స కూడా కావాలి. ఇంట్లో అత్యవసరానికి మందులు పెట్టుకున్నట్టే, కష్టకాలానికి ధైర్యమిచ్చే ఆలోచనలను మనసులో ముందే దాచుకోమన్నాడు.

మొదటిది, అడగడం. "ఏమైంది?" అని నిలదీస్తే మగవాడు "ఏం లేదు" అంటాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి. పని చేసుకుంటూ, నడుస్తూ, టీ తాగుతూ అడగండి. చెబుతున్నప్పుడు మధ్యలో సలహా ఇవ్వకండి. భార్య దగ్గర నోరు విప్పలేనివాడు అన్న దగ్గరో, బావ దగ్గరో, పాత దోస్తు దగ్గరో విప్పవచ్చు. ఆ దారి మూసేయకండి.

రెండవది, నిద్ర. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి పగలు చీకటిగా, చప్పుడు లేని చోటు ఇవ్వండి. ఒకే గది ఇల్లయితే కిటికీకి దుప్పటి కట్టండి. ఆ కొన్ని గంటలు టీవీ ఆపండి. షిఫ్టు చివరి గంటల్లో టీ తగ్గించాలి.

మూడవది, కదలిక. సాంచా దగ్గర నిలబడటం వ్యాయామం కాదు. దూది దుమ్ము లేని చోట, ఫజర్ తర్వాత గాని సాయంత్రం గాని అరగంట నడక మేలు. దీన్నే హకీములు 'రియాజత్' అన్నారు. వారానికి రెండుసార్లు రోగనె బాదం లేదా రోగనె లబూబె సబాతో తలకు మెల్లగా మర్దనా చేస్తే ఒత్తిడి తగ్గి నిద్రకు సాయపడుతుంది.

నాలుగవది, ఆహారం. సౌదాను పెంచుతాయని యూనానీలో చెప్పే నిలవ మాంసం, వంకాయ, మసూరు పప్పు, ఎండు చేపలు ఈ రోజుల్లో తగ్గించాలి. సొరకాయ, పాలకూర, గోధుమ జావ, దానిమ్మ, సేబు మంచివి. జర్దా, గుట్కా, మద్యం ఆ ఘడియకు బాధ మరిపించి, మరునాటికి రెట్టింపు చేస్తాయి.

ఐదవది, మందులు. గుండెకు, మెదడుకు బలమిచ్చి మనసును తేలికపరిచే మందులను యూనానీలో 'ముఫర్రిహాత్' అంటారు. ఖమీరా గావ్‌జబాన్, అర్ఖె గావ్‌జబాన్, ఇత్రీఫల్ ఉస్తూఖుద్దూస్ ఎక్కువగా వాడతారు. ఖమీరాలు చక్కెర పాకంలో చేస్తారు కాబట్టి మధుమేహం ఉన్నవారు హకీమును అడగనిదే తీసుకోకూడదు. మోతాదు మిజాజ్‌ను బట్టి ఉంటుంది. పక్కింటివాడికి పనిచేసిందని కొనుక్కోవద్దు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

దిగులు రెండు వారాలు దాటి రోజంతా ఉంటే, తిండి–నిద్ర చెడితే, ఇష్టమైన పనులు కూడా వదిలేస్తే ఖమీరాలతో కాలక్షేపం చేయకండి. మానసిక వైద్యుణ్ణి చూడాలి. ఆ డాక్టరు రాసిన మందులను యూనానీ మందు మొదలుపెట్టామని మధ్యలో ఆపకూడదు. రెండూ వాడుతుంటే ఇద్దరికీ చెప్పాలి. షోలాపూర్‌లో ఉన్నవారికి వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సివిల్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉంది. అక్కడికి వెళితే పిచ్చివాడంటారన్న భయం వద్దు. కడుపు నొప్పికి ఎలా వెళతామో ఇదీ అలాంటిదే.

"నేను లేకపోతేనే మీకు నయం", "ఇక నాతో పని లేదు" అన్న మాటలు వినిపించినా, అప్పులవాళ్ళకూ పిల్లలకూ అప్పగింతలు చెబుతున్నట్టు మాట్లాడినా అది బెదిరింపు అని కొట్టిపారేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు ఉచితం. తెలుగులోనూ, మరాఠీలోనూ మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి చికిత్స అందించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కాబట్టి కేసు భయంతో ఆస్పత్రికి తీసుకువెళ్ళడం ఆపవద్దు.

చివరగా తండ్రులకు ఒక మాట. మీ అబ్బాయి ఈసారి ఏడుస్తూ వస్తే సిగ్గుపెట్టకండి. "ఎక్కడ నొప్పిరా?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఇప్పుడు నేర్చుకున్నవాడు నలభయ్యో ఏట కూడా చెప్పగలుగుతాడు.